బూజు పట్టిన రొట్టె

ఆదివారం ఆరాధన అయిపోయి పిల్లలు చాపలు చుట్టేస్తుంటే ఒకతను నా దగ్గరికి వచ్చాడు. పేరు రాయను. మా వైపు వాళ్ళకి ఊరు చెప్పినా మనిషి తెలిసిపోతాడు. కైకలూరు వైపు చేపల చెరువొకటి లీజుకి వస్తోందట. “మాస్టారూ, ఇది దేవుని చిత్తమో కాదో తేలడం లేదు, ప్రార్థన చెయ్యండి” అన్నాడు. ఇద్దరం మోకరించాం. చేశాను. ఆమేన్ అని లేచి అతను బైబిలు చంకలో పెట్టుకోబోతే మధ్యలోంచి మడతపెట్టిన కాగితం ఒకటి జారి పడింది. వంగి తీసి ఇవ్వబోతూ చూశాను. అడ్వాన్సు రశీదు. రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా సంతకం, పక్కన తేదీ. గురువారం నాటిది.

గురువారం డబ్బు కట్టేసి ఆదివారం చిత్తం అడుగుతున్నాడు.

నేనేమీ అనలేదు. రశీదు చేతిలో పెట్టి “ప్రభువు దీవిస్తాడులే” అన్నాను. సంఘపెద్దగా ఇన్నేళ్ళలో చేసిన ప్రార్థనల్లో తల్చుకుంటే సిగ్గేసేవి కొన్ని ఉన్నాయి. ఇదొకటి.

అతను తెలివితక్కువ మనిషి కాదు. నోటుబుక్కులో అన్నీ రాసుకున్నాడు. ఎకరానికి ఎన్ని పిల్లలు వదలాలి, శీలావతి ఎంత, బొచ్చె ఎంత, తవుడూ చెక్కా నెలకెన్ని బస్తాలు, పట్టుబడి నాటికి కిలో ఎంత పలికితే ఎంత మిగులుతుంది. నీళ్ళు పరీక్ష చేయించాడు. ఇద్దరు కన్సల్టెంట్లని వెంటబెట్టుకెళ్ళి గట్టంతా తిప్పి చూపించాడు. లెక్కల మాస్టార్ని కదా, ఆ పద్దు చూసి నాకు ముచ్చటేసింది. అందులో లేనిది ఒక్కటే. ఆ చెరువు ఐదో కాంటూరు లోపల ఉంది.

దూరపు పాఠకులకి రెండు మాటలు చెప్పాలి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిపోసే నీళ్ళు అక్కడ పరుచుకుని ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోతాయి. ఐదో కాంటూరు అనే ఎత్తు గీత దాకా ఉన్న 308 చదరపు కిలోమీటర్లని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు చిత్తడినేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో ఆ గీత లోపలి చెరువుల గట్లు బద్దలుకొట్టారు. గూడబాతులకి అది మంచిరోజు, చాలామంది మనుషులకి కాదు. ఆ గోల వేరే పుస్తకానికి సరిపోతుంది. ఇక్కడ చెప్పవలసిందల్లా ఆ గీత సంగతి మా వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసని. అతనికీ తెలుసు. కానీ లీజుకిచ్చేవాడు పాత కాగితాలు తెచ్చి “మనది గీతకి ఇవతలే” అన్నాడు. అంచులు చిరిగి, మడతల దగ్గర అతుకులు పడి, ఏవో ముద్రలతో చూడ్డానికి బహు నమ్మకంగా ఉన్న కాగితాలు. రెండో ఏడు చేప ఎదుగుదల మీద ఉండగా అధికారులు వచ్చి గట్టుకి గండి కొట్టారు.

తర్వాత నాకు తెలిసిన సంగతి ఇంకొకటుంది. అతని పెద్దమ్మ, కొల్లేటి లంకలో పుట్టి తాటిదోనె మీద పెరిగిన మనిషి, సంతకం కూడా రాదు, మొదట్లోనే అడిగిందట. “పక్క చెరువులన్నీ అంతంత పలుకుతుంటే నీకొక్కడికే ఇంత చవగ్గా ఎందుకిత్తన్నాడ్రా?” దానికి ఇతను “నీకు తెలీదులే పెద్దమ్మా” అన్నాడట.

ఈ కాగితాల కథ యెహోషువ గ్రంథం 9వ అధ్యాయంలో ఉంది. గిబియోను వాళ్ళు నిజానికి ఇరుగుపొరుగు వాళ్ళే. దూరదేశం నుంచి వస్తున్నామని నమ్మించాలి. అందుకని పాత గోనెలు, చినిగితే కుట్టుకున్న ద్రాక్షారసపు తిత్తులు, మాసికలేసిన చెప్పులు, ఎండి బూజుపట్టిన రొట్టెలు సిద్ధం చేసుకుని బయల్దేరారు. బయల్దేరినప్పుడు ఈ రొట్టె వేడివేడిగా ఉందండీ అన్నారు. ఇశ్రాయేలు పెద్దలు ఒళ్ళు తెలియకుండా మోసపోలేదు. మీరు మా మధ్యనే కాపురముంటున్నారేమో అని అనుమానపడ్డారు. ఎవరు మీరు, ఎక్కణ్ణించి వస్తున్నారని నిలదీశారు. వాళ్ళ రొట్టె చేతిలోకి తీసుకున్నారు. కంటి ముందున్న సాక్ష్యాన్ని పరీక్షించారు. సాక్ష్యమే తయారుచేసి తెచ్చింది. గ్రంథకర్త తప్పుపట్టింది ఒక్కచోట: యెహోవా దగ్గర సెలవు తీసుకోలేదని. ఒడంబడిక అయిన మూడు రోజులకే నిజం బయటపడింది.

చాలా ఏళ్ళు ఈ అధ్యాయం మీద ‘ప్రార్థన చెయ్యకపోతే మోసపోతాం’ అని ప్రసంగించాను. రశీదు జారిపడ్డ రోజు నుంచి ఆ ప్రసంగం నా నోట రావడం లేదు. మావాడు ప్రార్థన చేశాడు కదా, మోకాళ్ళ మీద, నా ఎదురుగా. చేశాడు గానీ అడగలేదు. వద్దంటే ఊరుకునే ఉద్దేశం లేనప్పుడు అది అడగడం ఎలా అవుతుంది? పై అధికారి సంతకం కోసం ఫైలు పంపినట్టు పంపాడు. నేను గుమాస్తాలా ముద్ర వేసి ఇచ్చాను.

గట్టు మీద తెల్లవారుజాము

దేవుని చిత్తం తెలుసుకోవడానికి మన సంఘాల్లో మాటలు చాలా ఉన్నాయి. నడిపింపు అంటాం, బయలుపాటు అంటాం, దర్శనం అంటాం. ‘ప్రభువు నాతో మాట్లాడాడు’ అనేది అన్నిటికన్నా తేలిగ్గా నోట్లోంచి వచ్చే మాట. నాకు వీటన్నిటికంటే వివేచన అన్న మాట ఇష్టం. హెబ్రీ పత్రిక 5వ అధ్యాయం చివర అది మెరుపులా దిగొచ్చే వరంగా కాక సాధన మీద పట్టుబడే విద్యగా కనిపిస్తుంది. పాలు తాగే వయసు దాటినవాడికి, రోజూ వాడగా వాడగా మంచీ చెడూ పసిగట్టే శక్తి పదునెక్కుతుందని.

ఇది అర్థం కావాలంటే తెల్లవారుజామున నాలుగింటికి చేపల చెరువు గట్టు మీద నిలబడాలి. పగలు నీళ్ళలోని నాచు ప్రాణవాయువు తయారుచేస్తుంది. రాత్రి అదీ చేపలతో పాటు దాన్నే పీలుస్తుంది. అందుకని సూర్యుడు రావడానికి ముందు గంటలో నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. సన్నగా చప్పరింపు లాంటి చప్పుడు వస్తుంది. కొత్తవాడికి అది వాన చినుకుల్లా వినబడుతుంది. మా బంధువుల చెరువు కాడ ఒక కాపలాదారు ఉండేవాడు. ముందురోజు సాయంత్రమే ముక్కు పైకెత్తి “మబ్బేసింది, గాలి పడిపోయింది, రేత్రికి తేలతాయండి” అనేవాడు. ఏరేటర్లకి డీజిలు ముందే పోసి పెట్టుకునేవాడు. అతని దగ్గర మీటరు లేదా అంటే ఉంది. ముంచి చూసుకునేవాడు కూడా. మీటరు అబద్ధం చెప్పదు. కాకపోతే మీటరు ఈ నిమిషం సంగతి చెబుతుంది, ముంచినచోట సంగతి చెబుతుంది. ఎప్పుడు ముంచాలో, ఏ మూల ముంచాలో పన్నెండేళ్ళు నిద్ర కాచిన ముక్కు చెబుతుంది.

ఆత్మసంబంధమైన వివేచన గురించి నేను చదివిన పుస్తకాలన్నిటికంటే ఆ మనిషే ఎక్కువ నేర్పాడు. అవసరం పడ్డప్పుడు ఒక్క ఉపవాసం చేసి దేవుని స్వరం వినాలనుకుంటాం. అవసరం లేని మూడువందల రోజులు గట్టు మీదకే వెళ్ళం. అడగాల్సిందేమీ లేని పొద్దున్నపూట కూడా వాక్యం ముందు కూర్చునే అలవాటు ఉంటే, అడగాల్సింది వచ్చిన రోజున గాలి మారడం తెలుస్తుంది. 1938లో బైబిలు మిషను మొదలుపెట్టిన ముంగమూరి దేవదాసు అయ్యగారు సన్నిధిలో కనిపెట్టడం మీద అంత పట్టుబట్టింది ఇందుకేనని నాకనిపిస్తుంది. నోరు మూసుకుని దేవుని ముందు కూర్చోవడాన్ని ఆయన ఒక క్రమంగా నేర్పించారు. ఆ మిషనులో లేనివాణ్ణి, అయినా ఆ ఒక్క విషయంలో ఆయనకి శిష్యుణ్ణే. పావుగంట మాట్లాడకుండా కూర్చోండి. మొదటి పది నిమిషాలు కరెంటు బిల్లూ పిల్లల ఫీజులూ వస్తాయి. రానివ్వండి.

చదువు మీద కోపం ఎందుకు

ఇక్కడ చాలామంది దారి తప్పుతారు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 2వ అధ్యాయం పట్టుకుని, ప్రకృతి సంబంధి అంటే చదువుకున్నవాడనీ, ఆత్మ సంబంధి అంటే చదువు లేనివాడనీ చెప్పే బోధకుల్ని విన్నాను. ఆ పత్రిక రాసినవాడు గమలీయేలు పాదాల దగ్గర చదువుకున్నవాడు. కొరింథులో జబ్బు చదువు కాదు, చదువు చూసుకుని మిడిసిపడటం. నేను పౌలు వాణ్ణి, నేను అపొల్లో వాణ్ణి అని పార్టీలు కట్టుకున్నారు. సిలువ వాళ్ళకి మరీ నాసిగా కనబడింది.

మన డెల్టాకి సువార్త పలకతో కలిసి వచ్చింది. 1841లో మచిలీపట్నంలో దిగిన రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ దొరల్లో నోబుల్ 1843లో బడి పెట్టాడు. 1854లో వాళ్ళని పంపిన మిషనరీ సొసైటీయే ఏలూరు వచ్చింది. మా తాతల తరంలో చదువుకున్నవాళ్ళలో చాలామంది మిషను బడి అరుగు మీద కూర్చున్నవాళ్ళే. ఆ బడి లేకపోతే నేను లెక్కల మాస్టార్ని అయ్యేవాణ్ణి కాను, మీరు ఈ పుస్తకం చదివేవాళ్ళు కారు. ఇంకోపక్క 1859లో బాప్తిస్మం తీసుకున్న రాఘవాపురం పగోలు వెంకయ్య ఉన్నాడు. మిషనరీ డార్లింగ్ దొర బోధ వినకముందే, సృష్టించినవాడెవరో తనకి తెలియాలని వెతుకులాటలో ఉన్న మనిషి. అతన్ని ఏ బడీ తయారుచేయలేదు. కానీ వెతికి వెతికి చివరికి చెప్పగలిగినవాడి దగ్గరికే నడిచివెళ్ళాడు. నాకు తెలుసులే అని ఇంట్లో కూర్చోలేదు.

యెషయా 28వ అధ్యాయం చివర ఒక రైతు ఉంటాడు. మళ్ళీ మళ్ళీ దున్నుతూ కూర్చోడు. ఏ గింజ ఎక్కడ చల్లాలో, జీలకర్రని దేనితో కొట్టాలో, దేని మీద బండి చక్రం పోనియ్యకూడదో అతనికి తెలుసు. ఆ నేర్పు దేవుడిచ్చిందేనంటాడు ప్రవక్త. మా తాడేపల్లిగూడెం పక్కన వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి శాస్త్రజ్ఞుడు కొబ్బరి తెగులుకి మందు చెబితే, అది దేవుడు చెప్పింది కాదని ఎలా అంటాం?

అయితే చిక్కంతా ఎక్కడ? నిపుణుడు చెప్పేదాంట్లో తప్పు లేకపోవచ్చు. అతని చేత మనం ఏ ప్రశ్నకి జవాబు చెప్పిస్తున్నాం అన్నది చూసుకోవాలి. ‘ఈ చెరువులో ఎకరానికి ఎంత మిగులుతుంది’ అన్న ప్రశ్నకి కన్సల్టెంట్లు ఇద్దరూ సరిగ్గానే చెప్పారు. ‘ఈ చెరువు నాదవ్వచ్చా’ అని మావాడు వాళ్ళని అడగలేదు. అడిగినా వాళ్ళలో ఒకరి చేతిలో మేత ఏజెన్సీ ఉంది, రెండోవాడు మందులు అమ్ముకుంటాడు.

ఓడలో ఇద్దరు

అపొస్తలుల కార్యాలు 27వ అధ్యాయం నిదానంగా, వీలైతే నీళ్ళ ఒడ్డున కూర్చుని చదవండి. నేను రాస్తున్న ఈ అధ్యాయానికి అంతకంటే మంచి పాఠం లేదు.

శీతాకాలం దగ్గరపడింది. ఓడ మంచిరేవులు అనే చోట ఉంది. పౌలు ఖైదీ. ఇప్పుడు కదిలితే సరుకూ ఓడా ప్రాణాలూ పోతాయని చెప్పాడు. శతాధిపతి అతని మాట పక్కనపెట్టి నావికుడు, ఓడ యజమాని చెప్పింది నమ్మాడు. న్యాయంగా ఆలోచిస్తే ఆ అధికారిని తిట్టలేం. గుడారాలు కుట్టుకునే ఖైదీ మాట వింటామా, సముద్రం మీద జుట్టు నెరిసినవాడి మాట వింటామా? పైగా ఎక్కువమంది కూడా బయల్దేరదామనే అన్నారు. దక్షిణపు గాలి మెల్లగా వీచింది. ఇంకేం కావాలి, అనుకున్నది అయిందనుకున్నారు. ఆ మెల్లని గాలి దగ్గర నేనెప్పుడూ ఆగుతాను. తప్పు నిర్ణయానికి కూడా మొదట్లో అనుకూలంగా గాలి వీస్తుంది. మావాడికి మొదటి ఏడు మంచి ధర పడింది.

తర్వాత ఊరకులోను గాలి, చాలా రోజులు సూర్యుడూ నక్షత్రాలూ కనబడని చీకటి. మనలో చాలామంది ప్రసంగీకులు ఇక్కడే ఆపేస్తారు: చూశారా, నిపుణులు ఓడిపోయారు, దైవజనుడు గెలిచాడు! కథ అక్కడ ఆగలేదు. పద్నాలుగో రాత్రి ఏదో నేల దగ్గరవుతోందని మొదట పసిగట్టింది పౌలు కాదు, ఓడవాళ్ళు. గుండు వేసి లోతు చూస్తే ఇరవై బారలు, కొంచెం ముందుకెళ్ళి చూస్తే పదిహేను. వెంటనే వెనకనుంచి నాలుగు లంగర్లు దించారు. అది వాళ్ళ విద్య. అదే ఓడవాళ్ళు పడవ దించుకుని చాటుగా పారిపోబోతే, దేవదూత నోట ప్రాణనష్టం లేదన్న మాట విన్న ఆ పౌలే శతాధిపతితో, వీళ్ళు ఓడలో లేకపోతే మీరు బతకలేరని చెప్పాడు. దేవుని వాగ్దానం చేతిలో ఉంది. అయినా ఓడ నడపడం తెలిసినవాళ్ళు ఓడలో ఉండాలి. చివరికి 276 మందీ ఒడ్డు చేరారు. చెక్కలు పట్టుకుని చేరినవాళ్ళూ ఉన్నారు.

2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరులో ఈ ఓడ కథే మా కళ్ళ ముందు జరిగినట్టుంది. 5వ తేదీ నుంచి ఉన్నట్టుండి జనం మూర్ఛవచ్చి పడిపోవడం, నోటివెంట నురగ, ప్రభుత్వాసుపత్రి ముందు అంబులెన్సుల వరస. కొద్దిరోజుల్లో ఆరువందల మందికి పైగా. కారణం ఎవరికీ తెలియదు. నీళ్ళన్నారు, కూరగాయలన్నారు. రక్తనమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయని ఎయిమ్స్ చెప్పింది, తర్వాత వేళ్ళన్నీ పురుగుమందుల వైపు తిరిగాయి. ఆ వారం నా ఫోనుకి వచ్చిన సందేశాల్లో ఇది అంత్యదినాల సూచన అన్నవి పదికి తక్కువ లేవు. ఒకరు ప్రకటన గ్రంథంలో ఏ ముద్రో కూడా చెప్పారు. ఆ గందరగోళంలో వివేచన ఉన్న మనిషి ఎవరంటే నా లెక్కలో ఒక యువ డాక్టరు. కారణం ఇంకా తేలలేదు, వచ్చినవాళ్ళకి మాత్రం మూర్ఛ తగ్గించే మందు ఇస్తున్నాం అన్నాడు. రెండో మనిషి మా సంఘంలోని ఆటో నడిపే కుర్రాడు. ప్రార్థన గొలుసులో తన వంతు గంట తప్పిపోతోందని బాధపడుతూనే మూడు రాత్రులు పేషెంట్లని చేరవేశాడు.

హిజ్కియా చావుబతుకుల్లో ఉంటే యెషయా దేవుని మాటా తెచ్చాడు, పుండు మీద అంజూరపు ముద్దా వేయించాడు. లూకా వైద్యుడు. దేవుడు చెప్పాడని షుగరు మాత్రలు మానేసేవాళ్ళు మా ఇళ్ళలో ఉన్నారు కాబట్టి ఇంత పొడుగ్గా చెబుతున్నాను. మా చిన్నక్క కాలివేలు ఒకటి అలా పోయింది. వేలు పోయాక ఆమెకి మానెయ్యమన్న బోధకుడు కనపడలేదు.

తెరుచుకున్న తలుపులు, మనశ్శాంతి

మరి దేవుని చిత్తమని తెలిసేదెట్లా? మనవాళ్ళు రెండు గుర్తులు చెబుతారు. తలుపులు వాటంతటవే తెరుచుకోవడం, మనసుకి నెమ్మది కలగడం. రెండూ మంచివే, రెండూ చాలవు. యోనా దేవుని దగ్గర్నుంచి పారిపోతూ యొప్పే రేవుకి వెళ్తే తర్షీషు ఓడ సిద్ధంగా ఉంది. కేవు డబ్బులు కూడా సరిపోయాయి. తుఫానులో ఓడ అడుగున గాఢంగా నిద్రపోయాడు. తెరిచిన తలుపూ ఉంది, మనశ్శాంతీ ఉంది. పోతున్నది మాత్రం ఎదురు దిక్కున.

డిసెంబరు 31 రాత్రి కూడికలో తీసే వాగ్దానపు కార్డు సంగతి కూడా చెప్పేస్తాను, కోపం రాకపోతే. నేనూ తీస్తాను. ఫ్రిజ్ మీద అంటిస్తాను. కానీ గర్భఫలం, ఆస్తి తగాదా, కెనడా వీసా ఈ మూడింటికీ ఒకే కార్డు జవాబు చెప్పదు. కళ్ళు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టిన వచనమూ అంతే. బెరయ వాళ్ళని మెచ్చుకున్నది లేఖనాలు రోజూ వెదికి చూసుకున్నందుకు, పౌలు చెప్పింది కూడా సరిచూసుకున్నందుకు.

అన్నిటికంటే జాగ్రత్త పడవలసింది ‘నీ గురించి ప్రభువు నాతో చెప్పాడు’ అనేవాళ్ళ దగ్గర. మా ఎరికలో ఒకమ్మాయి, గూడెం నిట్‌లో చదువుతోంది. ఫలానా సంబంధం చేసుకోవాలని దర్శనంలో కనబడిందని ఒక పెద్దమనిషి ఇంటికొచ్చి చెప్పాడు. తల్లీతండ్రీ వణికిపోయారు. దర్శనాన్ని కాదంటే శాపమేమోనని. ఆ పిల్ల మాత్రం, “అంకుల్ గారూ, దేవుడు నాతో కూడా మాట్లాడతాడు కదండీ, చెప్తే అప్పుడు చేసుకుంటాను” అంది. మొదటి రాజుల గ్రంథం 13వ అధ్యాయం ఆ ఇంట్లో చదివి వినిపించాను. యూదా నుంచి వచ్చిన దైవజనుడికి, ఈ ఊళ్ళో రొట్టె తినవద్దని దేవుడు తిన్నగా చెప్పాడు. ఒక ముసలి ప్రవక్త ఎదురొచ్చి, నాతో దేవదూత చెప్పాడు, మా ఇంట్లో తిందువుగాని రా అన్నాడు. అబద్ధం. వెళ్ళి తిన్నాడు. తిరుగుదారిలో సింహం చంపింది. తెల్లజుట్టు, ప్రవక్త అన్న పేరు, దేవదూత ప్రస్తావన, ఇవి కూడా ఒక్కోసారి బూజు పట్టిన రొట్టెలే.

ఇప్పుడు నా దగ్గరికి ప్రార్థనకొచ్చేవాళ్ళకి నేను కొన్ని పనులు చెబుతున్నాను. ముందు ఒక కాగితం మీద నీకేం కావాలో రాయి. దేవునికి ఏం కావాలో తర్వాత. కావలసింది దాచుకున్నవాడు దాన్నే దేవుని గొంతుగా వింటాడు. డబ్బు కట్టేస్తే చెప్పెయ్, పర్వాలేదు, కట్టాక చేసే ప్రార్థన వేరే ఉంటుంది. వ్యవహారంలో వాటా లేని మనిషినొకర్ని అడుగు. కమీషన్ రానివాడు, కట్నం రానివాడు, నీ మంచితనం పొగిడి బతకాల్సిన పని లేనివాడు. ఆ మనిషి అడిగే మొద్దు ప్రశ్నలకి విసుక్కుంటున్నావా చూసుకో. విసుగొచ్చిందంటే ప్రశ్న తగలాల్సినచోట తగిలింది. గిబియోను సంగతి మూడు రోజుల్లో బయటపడింది కాబట్టి ఏ పెద్ద పనికైనా కనీసం మూడు రోజులు ఆగమంటాను. రేపటికల్లా చెప్పకపోతే చేజారిపోతుందని ఎదుటివాడు తొందరపెడితే ఆరు రోజులు. చివరికొకటి: నీకొచ్చే మేలు ఎవరి నోటి దగ్గర్నుంచి వస్తోందో చూడు. ఫిలిప్పీయులకు రాస్తూ పౌలు ప్రేమని తెలివితో, వివేచనతో కలిపి పెరగమన్నాడు. ప్రేమ లేకుండా పెరిగితే అది వ్యాపారపు చురుకుదనం, దానికి ఆత్మ అక్కర్లేదు.

పోయిన చలికాలం అతను మళ్ళీ వచ్చాడు. ఈసారి ఉంగుటూరు మండలంలో చిన్న చెరువు, గీతకి చాలా ఎగువన. బైబిల్లో రశీదు లేదు, నేను అడక్కముందే తెరిచి దులిపి చూపించాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ప్రార్థన తర్వాత చేద్దాం, ముందు చూసొద్దాం పదమన్నాను. “పెద్దమ్మని కూడా ఎక్కించుకోనా మాస్టారూ?” అన్నాడు.

ముగ్గురం ఆటోలో వెళ్ళాం. యజమాని కుర్చీలు వేయించాడు, కొబ్బరిబొండాలు కొట్టించాడు, నీళ్ళ పరీక్ష కాగితాలు పరిచాడు. పెద్దమ్మ కూర్చోలేదు. చెప్పులు గట్టు మీద విడిచి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని మోకాలి లోతు దాకా దిగింది. అడుగున మట్టి తీసి వాసన చూసింది. బోదె ఎటు పోతోందో కాసేపు చూసి, “అయ్యా, పట్టుబడయ్యాక ఈ నీళ్ళు ఎవరి చేలోకి వదుల్తారు?” అంది.

యజమాని నా వైపు చూశాడు. నేను బొండం తాగుతున్నాను.

“కిందవాళ్ళతో మాటుందిలెండి,” అని ఆయన మావాడి వైపు తిరిగి, “సాయంత్రం భీమవరం నుంచి ఇంకో పార్టీ వస్తోందండి. టోకెన్ అడ్వాన్సు ఏదైనా ఇస్తే…” అన్నాడు.

“కిందవాళ్ళని కలిసి, వచ్చేవారం చెబుతానండి.”

“ఈలోగా వాళ్ళిచ్చేస్తే?”

“ఇస్తే ఇచ్చారండి.”

తిరిగొస్తుంటే ఆటోలో ఎవరం మాట్లాడలేదు. కైకరం దాటాక పెద్దమ్మ కునికిపాట్లు పడింది. అతను చొక్కా లోపలి జేబు రెండుసార్లు తడుముకున్నాడు. డబ్బు అక్కడే ఉంది.